తల్లి వచ్చె: ఒక మంచు ముద్ద పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: 1983 నవంబరులో అమెరికాలో విడుదలైన కుటుంబ హాస్యచిత్రం ‘ఎ క్రిస్మస్ స్టోరీ’. దర్శకుడు బాబ్ క్లార్క్. జీన్ షెపర్డ్ 1966లో అచ్చువేసిన పుస్తకం దీనికి ఆధారం, వెనకనుంచి కథ చెప్పే గొంతూ ఆయనదే. ఇండియానా రాష్ట్రంలో హోమన్ అనే కల్పిత ఊరు. అక్కడ తొమ్మిదేళ్ల రాల్ఫి పార్కర్‌కు క్రిస్మస్‌కి రెడ్ రైడర్ గాలి తుపాకీ కావాలి. ఏ పెద్దవాళ్లను కదిలించినా “కన్ను పోతుంది” అంటారు. ఇది చాలదన్నట్టు బడి దారిలో స్కట్ ఫార్కస్ అనే రౌడీ కుర్రాడు కాపు కాస్తుంటాడు. ఆ తగవును ఎవరో ఒక ఆటవెలదిలో ఇమిడ్చారు. కవి ఎవరో తేలలేదు గానీ అనుమానం వ్యాఖ్యాత మీదికే పోతోంది.

మూలం:

పసుపు కళ్లవాడు ఫార్కసు వీధిలో
మంచు ముద్ద విసర మండె చెంప;
ఏడ్చె రాల్ఫి మొదట, ఏమాయె నంతలో,
తన్నె తిట్టి తిట్టి; తల్లి వచ్చె.

ప్రతిపదార్థం: పసుపు కళ్లవాడు = పసుపు రంగు కన్నులు కలవాడైన; ఫార్కసు = రకూన్ తోలు టోపీ పెట్టుకు తిరిగే స్కట్ ఫార్కస్; వీధిలో = బడికీ ఇంటికీ నడుమ, అనగా టీచరమ్మా అమ్మా ఇద్దరూ లేని చోట; మంచు ముద్ద విసర = మంచును ఉండ చుట్టి విసరగా; చెంప = రాల్ఫి చెంప; మండె = భగ్గుమనెను; రాల్ఫి మొదట ఏడ్చె = స్పష్టము; అంతలో ఏమాయెన్ = అంతలోనే ఏమి జరిగెనో; తిట్టి తిట్టి = ఊపిరాడకుండ తిట్టి; తన్నె = చితకబాదెను; తల్లి వచ్చె = తల్లి వచ్చెను.

విశేషాలు: చల్లని మంచు తగిలి చెంప మండడం విరోధాభాసం. చలి దేశాల పిల్లలకు మాత్రం ఇందులో విరోధమూ లేదు, అలంకారమూ లేదు.

“మొదట, ఏమాయె” అన్నచోట సంధి కలవలేదని లాక్షణికులు తప్పు పడతారు. ఏడుస్తున్న పిల్లవాడికి వెక్కిళ్లు వస్తాయి గనుక మాట విరిగిందని సమర్థించుకోవచ్చు.

“ఏమాయె” అని కవి చేతులు దులుపుకున్నాడు గానీ కారణం సినిమాలోనే ఉంది. ఆ తుపాకీ గొప్పతనం వర్ణిస్తూ రాల్ఫి క్లాసులో వ్యాసం రాశాడు. టీచరమ్మ మిస్ షీల్డ్స్ మురిసిపోయి ఏ ప్లస్సుల వర్షం కురిపిస్తుందని పగటికల కన్నాడు. తీరా చూస్తే సి ప్లస్, కింద “కన్ను పోతుంది” అన్న పాత పాటే. ఆ కాగితం చూసుకున్న రోజే ఇంటికి వెళ్తుంటే మంచు ముద్ద ముఖాన పడింది. అంటే ఫార్కస్ తిన్న గుద్దుల్లో కొన్ని న్యాయంగా మార్కులకు చెందినవి.

“తన్నె” అనగా కాలితో అని చెప్పరాదు. రాల్ఫి వాణ్ని వెల్లకిలా పడేసి, మీదెక్కి పిడిగుద్దులు గుద్దాడు. మనవాళ్లు “తంతాను” అన్నప్పుడు మాత్రం అవయవ నియమం ఎక్కడుంది?

శంక: ఇంతకు ముందు నాన్న కారు టైరు మారుస్తుండగా బోల్టులు ఎగిరిపడితే రాల్ఫి నోట ఒకే ఒక్క బూతు జారింది. అందుకు తల్లి వాడి నోట్లో లైఫ్‌బాయ్ సబ్బు కుక్కింది. (ఏ సబ్బు ఏ రుచిలో ఉంటుందో చెప్పగలిగినంత అనుభవం ఆ నోటికి ఉంది.) ఒక్క తిట్టుకు సబ్బు బిళ్ల అయితే, వీధిలో వరద కట్టిన తిట్లకు పెట్టె సబ్బులు కావాలి కదా? ఒక్కటీ ఎందుకు రాలేదు?

సమాధానం: ఆమె వచ్చేసరికి కొడుకు కొడుతూనే ఏడుస్తున్నాడు. ఆమె చెవిన తిట్లకన్నా ఏడుపే ముందు పడింది. లాక్కొచ్చి ముఖం కడిగింది, పడుకోమంది. కాబట్టి పద్యానికి ప్రాణం మూడో పాదంలోని మలుపు కాదు, చివరి రెండు మాటలు.

దీనికి ఉపపత్తి భోజనాల ఘట్టం. “నాన్న రాల్ఫిని చంపేస్తాడు” అని తమ్ముడు రాండీ ముందే వంటింటి సింకు కింది అలమరలో దూరి ఏడుస్తుంటాడు. తల్లి వాణ్ని బయటికి లాగలేదు, మందలించలేదు. పాలు తాగుతావా అని అడిగి, గ్లాసు లోపలికి అందించి, తలుపు మూసింది. తరవాత బల్ల దగ్గర తండ్రి రోజు సంగతులు అడిగితే రాల్ఫి తగవు పడ్డాడని చెప్పనే చెప్పింది. మగపిల్లలన్నాక మామూలే, మందలించానులే అని తేల్చేసి, ఆ ఊపిరిలోనే ఆదివారం బేర్స్ జట్టుకు ఆట ఉన్నట్టుందే అంది. అంతే, ఆయన ఫుట్‌బాల్‌లో పడ్డాడు. దాచిందీ లేదు, పూర్తిగా చెప్పిందీ లేదు. ఆ క్షణం నుంచి రాల్ఫి అమ్మను చూసే చూపే మారింది.

పాఠాంతరం: షెపర్డ్ పుస్తకంలో దెబ్బలు తిన్నది గ్రోవర్ డిల్. సినిమా అతణ్ని ఫార్కస్ పక్కవాద్యంగా దింపేసింది. తన్నులు తినే పాత్రకూ పదోన్నతులు, పదావనతులు తప్పవన్నమాట.

ఫలశ్రుతి: 1997 నుంచి అమెరికాలో క్రిస్మస్ ముందు రాత్రి మొదలుపెట్టి ఇరవైనాలుగు గంటలూ ఈ సినిమానే తిప్పి తిప్పి వేసే టీవీ ఆచారం ఉంది. మన ఊళ్లలో దాన్ని ఏకాహం అంటారు. రాల్ఫి ఇల్లుగా చూపిన క్లీవ్‌లాండ్ ఇంటిని 2006లో ప్రదర్శనశాలగా తెరిచారు. 2012లో ఈ సినిమా అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలోనూ చేరింది.

తాత్పర్యం: పసుపు కళ్ల ఫార్కస్ మంచు ముద్ద విసరగా రాల్ఫి ఏడ్చి, ఆపై వాణ్ని బాదాడనీ, తల్లి వచ్చి కొడుకును ఇంటికి తీసుకుపోయిందనీ భావం. తల్లి దగ్గర కొడుకు ఏం నేర్చుకున్నాడో పద్యం చెప్పదు గానీ పండగ పొద్దున తెలుస్తుంది. తండ్రి గుట్టుగా కొని ఉంచిన తుపాకీ చేతికొచ్చింది. మొదటి గుండే తిరిగొచ్చి ముఖాన తగిలింది, పడిపోయిన కళ్లద్దాలను రాల్ఫియే తొక్కాడు. అమ్మ పరుగున వచ్చింది. గ్యారేజీ చూరునుంచి మంచు ఊచ విరిగి మీద పడిందని చెప్పాడు. ఆమె నమ్మింది.