తోక మీది అక్షరాన్ని బట్టి గుండె

ఢిల్లీలో లేచిన ఎయిరిండియా విమానం పదహారు గంటలు ఎగిరి శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగిందనుకుందాం. ముందు కూర్చున్న కెప్టెన్ దగ్గర మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చిన క్లాస్ వన్ మెడికల్ సర్టిఫికెట్ ఉంది. వందల టన్నుల లోహాన్నీ, అందులోని వందల ప్రాణాల్నీ ఆ కాగితం బలంతోనే అమెరికా ఆకాశంలోకి తెచ్చి దించాడు. అమెరికా కిక్కురుమనలేదు. అదే విమానంలో అందరికన్నా వెనక, టాయిలెట్ పక్క వరుసలో, పైలట్ ట్రైనింగుకని వెళ్తున్న కుర్రాడొకడున్నాడు. వాడి బ్యాగులోనూ అదే డీజీసీఏ, అదే క్లాస్ వన్. రెండింటి మీదా ఒకే డాక్టర్ సంతకం ఉన్నా ఆశ్చర్యం లేదు. కెప్టెన్ గుండె అమెరికాలో చెల్లింది. కుర్రాడి గుండె చెల్లదు. మనుషులూ పెట్రోలూ అన్నీ కలిపినా 757 కిలోలు దాటకూడని రెండు సీట్ల సెస్నా 152ను ఒంటరిగా తిప్పాలంటే, వాడు మళ్లీ చొక్కా విప్పాలి, మళ్లీ సీసా పట్టుకుని బాత్రూముకు వెళ్లాలి.

ఇదేదో కౌంటర్ దగ్గర గుమాస్తా చాదస్తం కాదు. 1944 డిసెంబరు 7న షికాగోలో 52 దేశాలు సంతకాలు పెట్టిన ఒడంబడికలోనే ఉంది. విమానం ఏ దేశంలో రిజిస్టరైందో ఆ దేశం ఇచ్చిన, లేదా ఆ దేశం ఒప్పుకున్న లైసెన్సే దాన్ని నడిపేవాళ్లకు ఉండాలి. మిగతా దేశాలు దాన్ని మన్నించాలి. మెడికల్ కూడా ఆ లైసెన్సు వెంటే నడుస్తుంది. కెప్టెన్ నడిపిన విమానం మీద వీటీ అని ఉంది, కాబట్టి ఆయన రక్తపోటు సంగతి ఢిల్లీ చూసుకుంటుంది. సెస్నా తోక దగ్గర ఎన్ అని ఉంది, కాబట్టి ఆ కుర్రాడి రక్తపోటు వాషింగ్టన్ సొత్తు. ఆ ఒడంబడికలోనే ఇంకో ముచ్చటైన వాక్యం కూడా ఉంది. తన పౌరుడికి వేరే దేశం ఇచ్చిన లైసెన్సును తన ఆకాశంలో ఒప్పుకోనని చెప్పే హక్కు ప్రతి దేశానికీ ఉందట. పరాయివాణ్ని నమ్మినా నమ్ముతారు గానీ, పరాయివాళ్లు మెచ్చుకున్న మనవాణ్ని నమ్మరు.

మా మేనల్లుడు అమెరికా వెళ్లి పైలట్ అవుతానన్నప్పుడు కన్సల్టెన్సీ కుర్రాడు ధీమాగా చెప్పాడు: "ఇండియా మెడికల్ ఐకావో స్టాండర్డ్ అంకుల్, వరల్డ్ మొత్తం వ్యాలిడ్!" అందులో సగం నిజమే. కళ్లెలా ఉండాలి, చెవులెలా ఉండాలి అన్న ప్రమాణాలు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావోవే. ఫలానావాడు ఆ ప్రమాణం అందుకున్నాడని చెప్పే నోరు మాత్రం ఏ దేశానికి ఆ దేశానిదే. మిగతా సగం సంగతి ఫీజు కట్టాక తెలుస్తుంది.

ఇందులో నాకు బాగా నచ్చింది రంగుల పరీక్ష. షినోబు ఇషిహారా అనే జపాన్ డాక్టరు 1917లో అచ్చేసిన చుక్కల బొమ్మల పుస్తకం అది. మొదటి పేజీలో 12 ఉంటుంది, రంగులు తెలియనివాడికీ కనిపిస్తుంది. ఆ తర్వాతెక్కడో, మామూలు కంటికి 74గా కనిపించే చుక్కలు ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియని కంటికి 21గా కనిపిస్తాయి. దశాబ్దాలుగా ఏ దేశం డాక్టరు బల్ల మీద చూసినా అదే పుస్తకం. ఒక దేశంలో 74 అన్నవాడు సముద్రం దాటగానే 21 అంటాడేమోనని మళ్లీ అడిగేవారు. ఇప్పుడు అమెరికా కంప్యూటర్ తెర మీదికి మారింది లెండి. పుస్తకం బట్టీ పట్టేవాళ్లకు ఆ దారి మూసుకుపోయింది.

ఇక అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఫారం. ఆన్‌లైన్లో నింపాలి. "మీ జీవితంలో ఎప్పుడైనా" అని మొదలుపెట్టి తలనొప్పులు, తల తిరగడం, స్పృహ తప్పడం దగ్గర్నుంచి మనసు జబ్బుల దాకా వరసగా అడుగుతుంది. మావాడు మా ఇంట్లో హాల్లో కూర్చుని పైకి చదవడం తప్పయింది. స్పృహ తప్పడం అనగానే మా అక్క వంటింట్లోంచి అందుకుంది.

"ఏడో క్లాసులో జాతరకెళ్తే ఎండకి పడిపోయావు కదరా!"

"అమ్మా, అదంతా రాయక్కర్లేదు."

"ఎప్పుడైనా అని అడిగాడా లేదా? మరి రాయాలిగా!"

ప్రయాణంలో కడుపు తిప్పితే మందు వాడారా అన్న ప్రశ్నకు తిరుమల ఘాట్ రోడ్డు మొత్తం మలుపు మలుపుకీ గుర్తుచేసింది. గత మూడేళ్లలో ఏ డాక్టరు దగ్గరికి వెళ్లారో, ఎందుకు వెళ్లారో రాయమన్న చోట మావాడు ఆగిపోయాడు. వీధి చివర ఆర్‌ఎంపీ డాక్టరు చీటీ మీద మందు పేరే సరిగ్గా ఉండదు, ఇంక ఆయన పేరూ చిరునామా ఎక్కడివి? ఫారం కింద మాత్రం అన్నీ స్పష్టంగా ఉన్నాయి: తెలిసి అబద్ధం రాస్తే రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా, ఐదేళ్ల దాకా జైలు. నిజం రాస్తే, ఆ నిజం కాస్త బరువైనదైతే, ఫైలు ఓక్లహామా సిటీలోని ఎఫ్‌ఏఏ వైద్య విభాగానికి వెళ్తుంది. అబద్ధానికైతే ఐదేళ్లని గడువుంది. ఓక్లహామాలో ఫైలుకు అదీ లేదు.

ఒక వెసులుబాటు లేకపోలేదు. అమెరికాలో పక్కన ఇన్‌స్ట్రక్టర్ కూర్చుంటే శిష్యుడికి ఏ మెడికలూ లేకపోయినా పాఠం మొదలుపెట్టొచ్చు. కాగితం అడిగేది మొదటి సోలో నాడే. గుండె కూడా మొహమాటస్తురాలే, నలుగురిలో ఉన్నప్పుడు ఆగదని కాబోలు.

బ్రిటన్ కథ ఇంకా రసవత్తరం. అక్కడికి ఆరు నెలలు మించి వెళ్లే మన కుర్రాడు డీజీసీఏ కోసం ఛాతీ ఎక్స్‌రే తీయించుకున్నా, టీబీ లేదని వీసావాళ్లు ఒప్పుకున్న క్లినిక్కులో మళ్లీ తీయించుకోవాలి. విమానం నడిపే ఊపిరితిత్తులు వేరు, ఇమిగ్రేషన్ దాటే ఊపిరితిత్తులు వేరు. ఇవన్నీ దాటి అక్కడి క్లాస్ వన్ సంపాదించినా అది ఒకప్పటిలా యూరప్ అంతటా చెల్లదు. బ్రెక్సిట్ పుణ్యమా అని 2020 డిసెంబరు 31న, లండన్‌లో రాత్రి 11 గంటలకి, బ్రస్సెల్స్‌లో పన్నెండు కొడుతుండగా, బ్రిటిష్ పైలట్ల కళ్లూ చెవులూ గుండెలూ యూరప్ లెక్కలో ఒక్కసారిగా పనికిరాకుండా పోయాయి. బ్రిటన్ పెద్దమనసు చేసుకుని యూరప్ మెడికళ్లను ఇంకో రెండేళ్లు, 2022 చివరి దాకా ఒప్పుకుంది. యూరప్ ఆ మర్యాద తిరిగి ఇవ్వలేదు. ఓటేసింది జనం, ఈసీజీ తీయించుకున్నది పైలట్లు.

నవ్వుకుంటున్నాం గానీ, రెండోసారి అడగడం ఎప్పుడూ దండగే అనలేను. 2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ విమానాన్ని ఆల్ప్స్ కొండలకేసి కొట్టి, తనతో కలిపి 150 మంది ప్రాణాలు తీసిన కో-పైలట్ ట్రైనింగులో కొంత భాగం అమెరికాలోని అరిజోనాలో చేశాడు. అందుకు అతనికీ అమెరికా మెడికల్ కావలసివచ్చింది. 2010లో ఎఫ్‌ఏఏ అతని డిప్రెషన్ సంగతి పట్టుకుని, జర్మనీ డాక్టర్ల ఉత్తరాలు తెప్పించుకుని, ఆ తర్వాతే సర్టిఫికెట్ ఇచ్చింది. అంటే ప్రశ్న సరైనదే, అడగాల్సినచోటే అడిగారు. కానీ చివరి నెలల్లో అతన్ని చూసిన డాక్టర్ల మాట విమానాలవాళ్ల చెవిన పడనే లేదు. మూత్రం ఎన్నిసార్లు పట్టమన్నా పడతాం. ఒక ఫైలుకి ఇంకో ఫైలుతో మాటలుండవు, అక్కడే నాకు ఒళ్లు మండేది.

మావాడి సంగతికొస్తే, వాడు అక్కడుండగానే ఇక్కడి క్లాస్ వన్‌కు ఏడాది నిండి గడువు తీరింది. అమెరికా లైసెన్సు పట్టుకుని వచ్చాడు. దాన్ని మన లైసెన్సుగా మార్చుకోవాలంటే మళ్లీ మన క్లాస్ వన్ ఉండాలి, అమెరికావాళ్లు ఫిట్ అన్నారంటే కుదరదు. సరేనని ఖాళీ కడుపుతో ఒక మెడికల్ సెంటరుకి వెళ్లాడు. బీపీ 146 మీద 92 చూపించింది. ఎఫ్‌ఏఏ పట్టికలో 155 మీద 95 దాకా ఫరవాలేదు. ఇక్కడి డాక్టరుగారికి ఆ అంకె నచ్చలేదు, టెంపరరీ అన్‌ఫిట్ అని రాశారు. విమానయాన శాఖ ఇప్పుడు శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారి చేతిలో ఉంది కాబట్టి మా బావగారు వెంటనే ఫోనందుకున్నారు. బీపీకి సిఫార్సు ఏ డిపార్టుమెంటుకి వెళ్లాలో తెలియక మళ్లీ పెట్టేశారు.

ప్రస్తుతం మా మేనల్లుడు వీటీ విమానాల లెక్కలో రోగి, ఎన్ విమానాల లెక్కలో ఆరోగ్యవంతుడు. ఉప్పు తగ్గించమన్నారు కదాని మా అక్క రెండు ప్రభుత్వాల మాటా కాదనకుండా, భోజనంలో వాడికి ఆవకాయ సగం ముక్క వేస్తోంది.