పెద్దబాపు విశేషణములు

విశేషణము విశేష్యమును అనుసరింపవలెనని సంస్కృత వ్యాకర్తల శాసనము. లింగ వచన విభక్తులు మూడింటను అది తోడిపెండ్లికొడుకు వలె అడుగడుగున వెంబడించును. తెలుగు విశేషణమునకు అంతటి వినయము లేదు. మంచి కొడుకు, మంచి కోడలు, మంచి ఎద్దులు: ఎవరు వచ్చినను "మంచి" తన చోటు వదలదు. 1858లో బాలవ్యాకరణమును వెలువరించిన చిన్నయసూరిగారు ధర్మసాగరమునకు విచ్చేసి మా యింట నాలుగు దినములు బస చేసియుండినచో, మూడవ మార్గమొకటి కలదని గ్రహించియుండెడివారు. మా యింట విశేషణము పలికెడువారి నోటిని బట్టి మారును.

మా పెద్దబాపు వరండాలో దీపము వెలిగింపవలసివచ్చినచో ముందుగా గదిలోని దీపమార్పును. వార్తాపత్రికను తాను చదివి, పిదప అల్మారా అరలలో పరచి, తుదకు కిలోల లెక్కన అమ్మును. ఈ యొక్క స్వభావమునకే నాయనమ్మ నోట "పొదుపరి" యనియు, తమ్ముడగుటచే మా బాపు నోట "జాగ్రత్తగల మనిషి" యనియు, అప్పడిగి రిక్తహస్తములతో మరలిన మేనల్లుని నోట "పీనాసి" యనియు బిరుదములు కలిగినవి. పెద్దమ్మకు ఒక్క విశేషణము చాలదు. పోతన పేర చెల్లుచున్న భోగినీ దండకము గొప్పదే కావచ్చును గాని, ఊపిరి విడువకుండుటలో పెద్దమ్మ దానికి తీసిపోదు: "మొండి మనిషి, జిద్దు మనిషి, ఎవ్వలు చెప్పినా ఇనని మనిషి, పైస పోతే పాణం పోయే మనిషి" అని పొయ్యి వెలిగించినది మొదలు అన్నము వార్చువరకు సాగును.

పెద్దబాపు తనకు తానొసగుకొనినది "దాత" యను విశేషణము. ఆధారము లేకపోలేదు. దేవాదుల ఎత్తిపోతలచే వచ్చిన గోదావరి జలము మా యూరి చెరువున విశ్రమించి, ఓరుగల్లు నగరమునకు త్రాగునీరై పోవుచున్నది గదా! అటనుండి బంధువులెవరు వచ్చినను, "మా నీళ్ళే గద మీరంత తాగేది" యని ఒక గ్లాసెడు నీళ్ళు చేతికిచ్చి, ఇంతటి దానము చేసినవానిని చాయ కూడ అడుగుట భావ్యము కాదన్నట్లు చూచును.

పోయిన సంక్రాంతికి హనుమకొండనుండి వచ్చిన బంధువొకడు, దండకమును సాంతము విని, సానుభూతి చూపదలచి, "నిజమే వదినె, అన్న జర పీనాసే" యని, పెద్దమ్మ వాడిన వాటన్నిటికంటె మృదువైన యొక్క విశేషణమును చేర్చెను.

పెద్దమ్మ చేతిలోని గంటె ఆగినది. "ఎవలు పీనాసి? ఇద్దరు బిడ్డల పెండ్లిళ్ళు చేసిండు. ఒక్క పైస అప్పు లేకుండ ఇల్లు కట్టిండు. గసొంటి మనిషిని పట్టుకొని గంత మాటంటవా?" అనుచు, ఆతని యెదుటనున్న సకినాల పళ్ళెమును తీసికొని లోనికి పోయినది.

వరండానుండి సర్వమును వినిన పెద్దబాపు నోరు మెదపలేదు. మెల్లగా లేచి లోనికి వెళ్ళి, పళ్ళెమున మిగిలిన సకినాలను లెక్కించి, డబ్బాలో వేసి మూత బిగించెను.