కుంటకు హాల్‌టికెట్

హైదరాబాద్‌లో చెరువు అంటే నీళ్లు నిలిచే చోటు కాదు, నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే అభ్యర్థి. కాబట్టి చెరువుల పాఠం పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో మొదలుపెట్టడమే సులువు. ప్రిలిమినరీ, అభ్యంతరాల గడువు, ఫైనల్, మధ్యలో స్టే అనే మాటలు చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో పుస్తకాలు ముందేసుకున్న పిల్లలకు ఎంత కంఠతా వచ్చో, నగరం లోపలా చుట్టూతా ఉన్న రెండున్నర వేలకు పైగా చెరువులకూ అంతే వచ్చు. మహానగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ ముందు ప్రిలిమినరీ నోటిఫికేషన్ ఇస్తుంది, అభ్యంతరాలు తీసుకుంటుంది, ఆ తర్వాత ఫైనల్. చెరువుల పరిరక్షణ కమిటీ పుట్టింది 2010లో. 2025 మొదట్లో కూడా అన్నిటికీ ఫైనల్ పడలేదు.

అభ్యర్థికి కావలసిన పత్రాలు చాలా ఉన్నాయి. వయసుకు పాత సర్వే పటం, పుట్టుకకు సేత్వార్ అనే పాత భూమి రికార్డు, నడవడికకు ఏటేటా రాసే పహాణీ, ఫొటో కింద ఉపగ్రహ చిత్రం. నీళ్లు ఎక్కడిదాకా నిండుతాయో చెప్పే ఎఫ్‌టీఎల్ గీతను ఎత్తు కొలతగా తీసుకుంటారు. బఫర్ జోన్ సడలింపు లాంటిది: 25 ఎకరాలు దాటిన చెరువుకు చుట్టూ 30 మీటర్లు, అంతకు చిన్నదైతే 9 మీటర్లు. బక్క అభ్యర్థికి సడలింపు కూడా బక్కదే.

నారాయణగూడ నుంచి అంబర్‌పేట వైపు పోతుంటే నల్లకుంట తగులుతుంది. అది పేరు తప్ప తక్కిన పత్రాలన్నీ పోగొట్టుకున్న అభ్యర్థి. ఇంకొంచెం ముందుకు పోతే బతుకమ్మకుంట. బాగ్ అంబర్‌పేట సర్వే నంబరు 563లో, 1962-63 లెక్కల ప్రకారం 14.06 ఎకరాలు. కొత్త సర్వేలో తేలింది 5.15. మధ్యలో చెత్త, మట్టి దిబ్బలు, ముళ్ల పొదలు, ఇది నా సొంత జాగా అనే ప్రైవేటు దావా. బస్తీవాళ్లూ, మాజీ ఎంపీ వి. హనుమంతరావూ ఇది కుంటేనని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. అయితే మనుషులు చెప్పేది పత్రం కిందికి రాదు. అక్కడ బతుకమ్మను నీళ్లలో వదిలిన ఆడవాళ్ల జ్ఞాపకానికి గెజిటెడ్ అధికారి సంతకం ఉండదు.

2025 ఫిబ్రవరిలో కుంటకు ఇంటర్వ్యూ జరిగింది. చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా యంత్రాలు దిగి కొన్ని అడుగులు తవ్వాయి. నువ్వెవరివి అన్న ప్రశ్నకు అభ్యర్థి నీళ్లతో జవాబిచ్చింది. వెంటనే మాల్‌ప్రాక్టీస్ ఆరోపణ: అవి కుంట నీళ్లు కావు, పైపు పగిలిందట! లీకేజీ అంటే అశోక్‌నగర్‌కు కొత్త కాదు. పేపర్ లీకై గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయింది 2023లోనే. అప్పుడు ప్రశ్నలు లీకయ్యాయి, ఇప్పుడు జవాబు లీకైందన్నమాట. కుంట నీళ్లు కుంటవేనని హైడ్రా వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది.

ఈ పరీక్షలేవీ లేని రోజుల్లో చెరువుకు నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు తీయాలో, ఏ మడికి ఎంత పారాలో, కట్ట మీద ఎలుక బొరియ ఎక్కడుందో, అలుగు ఏ రాత్రి దుంకుతుందో అతనికి తెలుసు. అతన్ని పెట్టుకున్నది ఊరు. జవాబు చెప్పవలసింది ఊరికే. నగరం ఆ ఊళ్లను మింగినప్పుడు నీరటి పోస్టు కూడా పోయింది. దాని జాగాలో బోర్డు వచ్చింది, కంచె వచ్చింది, వాకింగ్ ట్రాక్ వస్తుంది. కట్ట మీద నడిచేవాళ్లు వేరు, కట్టను కాసేవాళ్లు వేరు.

కుంటను ఇన్ని పత్రాలు అడిగిన ఈ నగరం, పోయిన దాదాపు తొమ్మిది ఎకరాల దగ్గర ఎవరినీ ఒక్క కాగితం అడగలేదు. మొదటి లారీ మట్టి పోసిన రోజు పహాణీ ఎవరూ తెరవలేదు. ప్లాటు కొనుక్కుని చెమటోడ్చి ఇల్లు కట్టుకున్నవాడు దొరుకుతాడు. అమ్మి సొమ్ము చేసుకున్నవాడి పేరు ఏ నోటిఫికేషన్‌లోనూ రాదు. ఇది దొంగతనం. దీన్ని ‘ఆక్రమణ’ అని మెత్తగా రాసుకుంటూ వచ్చాం. చూసీ చూడనట్టు జీతాలు తీసుకున్నవాళ్లు రిటైరై పింఛను తింటున్నారు. కుంట మాత్రం తన గుంతలో తానే నిలబడి, నేను పైపును కాదు మొర్రో అని మొత్తుకోవాలి. సిగ్గుండాలి! 2020 అక్టోబరులో హుస్సేన్‌సాగర్ నాలా పొంగి అశోక్‌నగర్ ఇళ్లలోకి వచ్చిన నీళ్లను చూసి పైపు పగిలిందని ఎవరూ అనలేదు.

కుంట సర్వే నంబరు 563. 2024 ఫిబ్రవరిలో పడిన గ్రూప్-1 నోటిఫికేషన్‌లో పోస్టులూ 563. కుంట తవ్వకం నాటికి మెయిన్స్ రాసినవాళ్లకు ఫలితాలు ఇంకా రాలేదు. కుంటకు నీళ్లొచ్చాయి.