చలి మాకూ ఉండేది

జనవరి వచ్చిందంటే మా షికాగో తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. "ఈ చలికి ఎక్కడికి పోతామండీ? పిల్లలు ఇంట్లో కొట్టుకు చస్తున్నారు. ఈ ఊళ్లో చలికాలం చేయడానికి ఏముంది?" అడిగేవాళ్లు కొత్తగా దిగినవాళ్లేమీ కాదు. నేపర్‌విల్‌లోనూ, అరోరాలోనూ, షాంబర్గ్‌లోనూ పెద్ద పెద్ద ఇళ్లు కొనుక్కుని ఏళ్ల తరబడి ఉంటున్నవాళ్లు. బేస్‌మెంట్‌లో గోడంత తెర, దాని ముందు వాలు కుర్చీలు. ఇంటి గరాజ్‌లో కారెక్కి ఆఫీసు గరాజ్‌లో దిగుతారు. ఒంటికి చలి తగిలేది పార్కింగ్ నుంచి గుడి గుమ్మం దాకానే. వీళ్లు ఏమీ తోచడం లేదంటుంటే నాకు ఒళ్లు మండుతుంది.

చలి మాకూ ఉండేది. నేను 1974లో వచ్చాను. డెవాన్ వీధిలో పటేల్ బ్రదర్స్ మొదటి కొట్టు తెరిచిందీ ఆ ఏడే. 1979 జనవరిలో కురిసిన మంచుకి ఊరు ఊరంతా స్తంభించిపోయింది. వీధుల్లో మంచు తీయించలేకపోయాడన్న కోపంతో మేయర్ బిలాండిక్‌ను మరుసటి నెలలోనే సొంత పార్టీ ఓటర్లు ఓడించి ఇంటికి పంపారు, జేన్ బర్న్ మేయరయింది. 1982 జనవరిలో సున్నాకు 26 డిగ్రీలు కింద. 1985 జనవరి 20, ఆదివారం, సున్నాకు 27 కింద. ఇవి ఫారెన్‌హీట్ లెక్కలు, మన సెల్సియస్‌లో చెబితే మైనస్ 33. ఈ ఊరి రికార్డుల్లో అంతకన్నా చల్లని రోజు ఇంతవరకూ లేదు. 2019 జనవరి 30న ఫారెన్‌హీట్‌లో మైనస్ 23 వచ్చింది. ఉత్తరాలు పంచడం ఆపేశారు. మెట్రా వాళ్లు పట్టాలు మారే చోట గ్యాసు మంటలు పెట్టి రైళ్లు నడిపారు. మా వీధిలో కుర్రాళ్లు జన్మలో ఇలాంటిది చూడలేదన్నారు. మేం చూశాం. చూసి ఇంట్లో ముడుచుకుని కూర్చోలేదు.

కూర్చోవడానికి ఇల్లెక్కడిది? రెండు గదుల పాత అపార్ట్‌మెంటు, అందులో నలుగురం బ్రహ్మచారులం. ఆవిరి రేడియేటర్ ఉండేది. తెల్లవారుజామున గొట్టాల్లో టంగు టంగుమని చప్పుడు, ఆ వెనకే బుస్సుమని ఆవిరి. వేడి పెంచడం తగ్గించడం మన చేతిలో ఉండదు. లోపల ఉక్కపోసి, బయట ఎంత గడ్డకట్టిపోతున్నా కిటికీ బెత్తెడు తెరుచుకునేవాళ్లం. రాత్రి ఇడ్లీ పిండి గిన్నె ఆ రేడియేటర్ పక్కన పెడితే పొద్దున్నకి పొంగి మూత ఎత్తేసేది. ఇప్పుడు పిండి పులవలేదని ఫోన్లు చేసేవాళ్లకి ఆ సంగతి చెబుతుంటాను. సరే, సెలవు రోజంతా ఆ గదుల్లో ఒకళ్ల మొహాలు ఒకళ్లం ఎంతసేపు చూసుకుంటాం? అందుకే బయటపడేవాళ్లం. బయట అంటే చలిలో తిరగడానికి కాదు. చలిని తట్టుకోవడానికి ఈ ఊరివాళ్లు తరతరాలుగా కట్టుకున్న వెచ్చటి చోట్లలోకి. అవి ఊరందరివీ. అందులో మా భాగమూ ఉందని మేం నమ్మాం.

అన్నిటికన్నా ఎక్కువగా వెళ్లింది సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియంకి. 1893 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన భవనం అది. సియర్స్ అధిపతి జూలియస్ రోజెన్‌వాల్డ్ ఇచ్చిన డబ్బుతో 1933లో మ్యూజియంగా తెరిచారు. మా తొలి రోజుల్లో ప్రవేశం ఉచితం. బొగ్గు గని ఎలా ఉంటుందో చూపడానికి గనిలో వాడే లిఫ్టు లాంటి దాంట్లో చీకట్లోకి దించేవారు. సింగరేణి వైపు నుంచి వచ్చిన మిత్రుడొకడు అందులోంచి బయటికొచ్చి చాలాసేపు మాట్లాడలేదు.

పెళ్లిళ్లయి పిల్లలు పుట్టాక మా మజిలీ ఆ మ్యూజియంలోనే ఉన్న కోడిపిల్లల దగ్గర. గాజు పెట్టెలో పొదిగే గుడ్లు. ముందు పెంకు మీద సన్నటి బీట కనిపిస్తుంది. లోపలి నుంచి ముక్కు పొడుస్తుంది, ఆగుతుంది, మళ్లీ పొడుస్తుంది. ఒక పిల్ల బయటపడటానికి గంటలు పడుతుంది. తీరా వచ్చాక తడిసి ముద్దై, నూగు ఒంటికి అంటుకుపోయి, నిలబడబోయి బోర్లా పడుతుంది. మా అమ్మాయి గాజుకి నుదురు ఆనించి, పిల్ల లేచి నిలబడేదాకా కదిలేది కాదు. మేమూ తొందరపెట్టేవాళ్లం కాదు. ఎక్కడికి పోవాలి గనక? ఇవాళ అదే పెట్టె ముందు తల్లిదండ్రులు ఫోనెత్తి పది సెకన్లు వీడియో తీసి, పదపద అంటూ పిల్లల్ని లాక్కుపోతున్నారు. గుడ్డు పగలడానికి పట్టే సమయం మారలేదు. మనం ఇచ్చే సమయం తగ్గిపోయింది.

1944లో అమెరికా నౌకాదళం పట్టుకున్న జర్మన్ జలాంతర్గామి యు-505 కూడా అక్కడే ఉంది. మా రోజుల్లో అది భవనం బయట, ఆ మంచులోనే నిలబడి ఉండేది. 2004లో నేల కింద ప్రత్యేకంగా హాలు కట్టి లోపలికి దించారు. ఈ కాలంవాళ్లు చేసిన మంచి పనుల్లో అదొకటి, మెచ్చుకుంటాను. మెచ్చుకోలేనిది టికెట్టు. నలుగురున్న కుటుంబం వెళితే పార్కింగ్‌తో కలిపి వంద డాలర్ల దాకా అవుతుంది. ఉచితంగా చూసిన చోటికి అంత పెట్టాలంటే నాకు మనసొప్పదు. అయితే ఒక సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. పార్కు స్థలాల్లో ఉన్న మ్యూజియాలు ఇల్లినాయ్ వాసుల్ని ఏడాదిలో 52 రోజులు ఉచితంగా రానివ్వాలని రాష్ట్ర చట్టమే ఉంది. ఇదీ, ఫీల్డ్ మ్యూజియమూ, షెడ్ అక్వేరియమూ, ఆడ్లర్ ప్లానిటేరియమూ అన్నీ దాని కిందికే వస్తాయి. ఆ రోజుల్లో కొన్ని జనవరి, ఫిబ్రవరుల్లో కూడా పడతాయి. బ్లాక్ ఫ్రైడే బేరాలన్నీ నోటికి చెప్పేవాళ్లకి ఈ తేదీలు ఒక్కటీ తెలియవు.

షెడ్ అంటే గుర్తొచ్చింది. అక్కడ ఒక ఆస్ట్రేలియా ఊపిరితిత్తుల చేప ఉండేది, పేరు గ్రాండ్‌డాడ్. 1933లో వచ్చింది, 2017లో పోయింది. మేం బ్రహ్మచారులుగా చూశాం, మా పిల్లలకి చూపించాం, మా పిల్లలు వాళ్ల పిల్లలకి చూపించారు. తొట్టి అడుగున దుంగ పడి ఉన్నట్టే పడి ఉండేది. అది పోయిందని తెలిసిన రోజు నాకు నిజంగా దిగులేసింది.

సైన్స్ మ్యూజియం నుంచి కాస్త దూరంలో షికాగో విశ్వవిద్యాలయం, అందులో 1970లో తెరిచిన రెగెన్‌స్టైన్ గ్రంథాలయం. అక్కడ తెలుగు పుస్తకాలున్నాయని ఎవరో చెబితే మొదట నమ్మలేదు. లోపలికి అనుమతి తీసుకుని వెళ్లి చూస్తే అరల నిండా తెలుగే. పబ్లిక్ లా 480 అని ఒక చట్టం కింద అమెరికా మనకి గోధుమలు పంపి, డబ్బు రూపాయల్లో తీసుకునేది. ఆ రూపాయల్లో కొంత పెట్టి 1962 నుంచి మన దేశంలో అచ్చయిన పుస్తకాలు కొని ఇక్కడి గ్రంథాలయాలకి పంపారు. రేషన్ షాపు ముందు వరసలో నిలబడి మా అమ్మ తెచ్చిన గోధుమలకి బదులుగా మా భాష ఈ మంచు ఊరికి చేరింది. బయట గాలి కోస్తుంటే లోపల పొడుగాటి బల్ల దగ్గర కూర్చుని కథల సంపుటాలు చదువుకున్నాం. కవి, అనువాదకుడు ఎ.కె. రామానుజన్ పాఠాలు చెప్పింది ఆ విశ్వవిద్యాలయంలోనే. ఇప్పుడు మీరు ఫోన్లో బ్రౌన్ తెలుగు నిఘంటువు వెతికితే వచ్చేవాటిలో ఆ విశ్వవిద్యాలయం వాళ్లు పెట్టిందీ ఉంటుంది. అయినా ఆ భవనంలో అడుగుపెట్టిన తెలుగు కుర్రాడు నాకు ఈ మధ్య కనపడలేదు.

వారాంతం సాయంత్రాలు మాత్రం ఇళ్లలోనే. కారున్నవాడు లేనివాళ్లని ఇంటింటికీ వెళ్లి ఎక్కించుకునేవాడు. ఒక ఇంట్లో పప్పు, ఒక ఇంట్లో పులిహోర, ఇంకొకరు ఊరి నుంచి తెచ్చుకున్న ఆవకాయ సీసా. మగవాళ్లు రమ్మీ, పిల్లలు క్యారమ్స్. పడకగదిలో మంచం మీద వచ్చినవాళ్లందరి కోట్లూ గుట్టగా పడేస్తే, రాత్రి పది దాటాక చంటిపిల్లలు ఆ కోట్ల మీదే నిద్రపోయేవారు. ఏదైనా కాలేజీ హాలు అద్దెకి తీసుకుని తెలుగు సినిమా వేస్తే ఊరి నలుమూలల నుంచీ వచ్చేవాళ్లం. 'శంకరాభరణం' అలాగే చూశాం, రీలు మార్చినప్పుడల్లా దీపాలు వెలుగుతుంటే పక్కవాళ్లని పలకరించుకుంటూ. ఇవాళ సినిమా విడుదలైన కొన్ని వారాలకే ఇంటికొచ్చేస్తోంది. పక్కింటి తెలుగువాళ్లని పిలవడానికి మాత్రం మూడు వారాల ముందు క్యాలెండర్ చూసుకోవాలి.

పిల్లల సంగతి ఎలాగోలా గడుస్తుంది. బడికి వెళతారు, ఈతకి వెళతారు. నాకు అసలు బాధ ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల గురించి. మనవడో మనవరాలో పుట్టారనీ, సాయం కావాలనీ పిలిపిస్తారు. నవంబరులో దిగుతారు. కారు నడపలేరు, ఒంటరిగా బయటికి వెళ్లలేరు. పొద్దున్న ఎనిమిదింటికి ఇల్లు ఖాళీ. ఆ పెద్దాయన కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, తెల్లగా పరుచుకున్న వెనక పెరడూ, మధ్యాహ్నం వచ్చే పోస్టు బండీ చూస్తూ సాయంత్రం చేస్తాడు. గుళ్లో కలిస్తే నా చేయి పట్టుకుని వదలరు. ఊళ్లో పదిమంది మధ్య బతికిన మనుషులండీ వాళ్లు. ఏమన్నా అంటే కొడుకు, "చలి కదా అంకుల్, ఏమన్నా అయితే?" అంటాడు. చలి అంటే భయం ఉండాల్సిందే, ఈదురుగాలి తోడైతే పది నిమిషాల్లో వేళ్లు మొద్దుబారి చర్మం దెబ్బతింటుంది. అలాంటి రోజు కదలొద్దు. కానీ చలికాలమంతా అలాంటి రోజులే ఉండవు.

వాళ్లని గార్ఫీల్డ్ పార్క్ కన్సర్వేటరీకి తీసుకెళ్లండి. జెన్స్ జెన్సన్ అనే ఆయన రూపకల్పన చేయగా 1908లో తెరిచిన గాజు తోట. తలుపు తీయగానే కళ్లద్దాలు మసకబారిపోతాయి. తుడుచుకునేలోపే తడిమట్టి వాసన. అరటి చెట్లు, తాటిజాతి చెట్లు, ఒక గదిలో నీళ్ల చుట్టూ ఫెర్న్ మొక్కలు. కోనసీమ నుంచి వచ్చిన మా బంధువొకాయన అక్కడ కోకో చెట్టు చూసి, మొదలు మీద వేలాడే కాయని వేలితో తట్టి, తమ కొబ్బరి తోటలో ఎన్ని మొక్కలు వేశాడో, ఎలుకలు ఎలా కొరుకుతాయో పూసగుచ్చినట్టు చెప్పాడు. వచ్చాక ఆయన అంత మాట్లాడటం అదే మొదలు. 1994 చలికి ఆ తోటలో ఒక భాగం వేడి అందక పాడైపోయింది. 2011లో వడగళ్ల వానకి గాజు పలకలు వేలల్లో పగిలాయి. రెండుసార్లూ ఊరు మళ్లీ బాగుచేసుకుంది. షికాగో నగరవాసులకి ఇప్పటికీ ఉచితమే.

లేదా డౌన్‌టౌన్‌లో కల్చరల్ సెంటర్. 1897లో నగర గ్రంథాలయంగా కట్టిన భవనం. 38 అడుగుల టిఫనీ గాజు గుమ్మటం కింద ఎంతసేపు కూర్చున్నా ఎవరూ అడగరు, పైసా ఇవ్వక్కర్లేదు. 1977లో మొదలైన బుధవారం మధ్యాహ్నపు ఉచిత సంగీత కచేరీలు మా తరం విన్నది అక్కడే. ఆ చుట్టుపక్కల నేల కింద పెడ్‌వే ఉంది, 1951లో మొదలుపెట్టి కట్టుకుంటూ పోయిన దారులు, ఇవాళ దాదాపు 40 బ్లాకుల మేర సాగుతాయి. చాలా దూరం కోటు గుండీ పెట్టకుండా నడవచ్చు. ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో అరచేతిలో పట్టేంత కుర్చీలూ బల్లలూ పెట్టి కట్టిన 68 థార్న్ బొమ్మ గదులున్నాయి. అన్నిటికన్నా ముందు, 1893లో వివేకానందుడు మాట్లాడిన భవనం అది. మన పెద్దవాళ్లలో ఆ ప్రసంగం గురించి విననివాళ్లుండరు. వాళ్ల కొడుకూ కోడలూ గంట దూరంలో ఉండి ఆ గుమ్మం చూపించకుండా వెనక్కి పంపిస్తే నేను ఒప్పుకోను.

కుర్రాళ్లూ, అమ్మాయిలూ, నా మాట వినండి. అమ్మానాన్నలకి ముందు మంచి బూట్లు, మోకాళ్లు దాటే కోటు కొనండి. ఒక్క సెలవు తీసుకోండి, రెండేసి కుటుంబాలు కలిసి వంతులేసుకోండి. గ్రీన్ లైన్ రైలెక్కించండి, కన్సర్వేటరీ పేరుతోనే స్టేషనుంది, దిగితే తోట పక్కనే. తెరిచి ఉండే రోజులు ముందే చూసుకోండి. సందర్శకుల వీసా మీద వచ్చినవాళ్లకి మామూలుగా ఇచ్చే గడువు ఆరు నెలలు. నవంబరులో దిగినవాళ్లకి అందులో అయిదు నెలలు చలికాలమే.