మూడు దినాల నీళ్లు

పత్తికొండ పిల్లలకు యుద్ధాల చరిత్ర చెప్పాలంటే పానిపట్టు దాకా పోనక్కర్లేదు. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1827 జూలై 6న కన్నుమూసింది ఈ ఊళ్లోనే. పద్దెనిమిదేళ్ల వయసులో, 1780లో, కుంఫిణీ సైన్యంలో పనిచేయడానికి మద్రాసులో ఓడ దిగినవాడు. హైదరాలీ మీదా, టిప్పు మీదా యుద్ధాలు చేశాడు. 1800లో నిజాం మన రాయలసీమ జిల్లాలను కుంఫిణీకి అప్పగిస్తే కలెక్టరుగా వచ్చి, ఏడేళ్లలో పాలెగాళ్లను అణిచి, రైతువారీ పద్ధతిని పాదుకొల్పాడు. ఆ తర్వాత గవర్నరయ్యాడు. ఇంగ్లండుకు తిరిగి వెళ్లేముందు ఈ ప్రాంతాన్ని ఒకసారి చూసిపోదామని వచ్చి, పత్తికొండ మకాంలో కలరాతో పోయాడు. కలరా నీళ్లలో వస్తుందని అప్పటికి లోకానికి తెలియదు. ఆయన జ్ఞాపకార్థం సర్కారు ఇక్కడ రాతిమెట్ల బావి కట్టించి, తోపు వేయించింది.

మా బడి పిల్లలతో చరిత్ర నడక ఆ కథతోనే మొదలుపెట్టాం. దారి చూపడానికి గుత్తి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైన అయ్యవారు. చేతిలో కాగితం ముక్క లేదు, ఏళ్లూ పేర్లూ అన్నీ నోటిమీదే. "మన్రో శవాన్ని ఇక్కణ్నించి గుత్తికి తీసుకుపోయినారు. మనమూ ఆ దారినే పోదాం పదండి" అన్నాడు.

బస్సు దిగి గుత్తి కొండ కింద ఉన్న తెల్లవాళ్ల సమాధుల తోటలోకి నడిచాం. మన్రోను మొదట పూడ్చింది అక్కడే. 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. సమాధుల తోట నుంచి గుత్తి కోట ఎక్కడం మొదలైంది. ఒక వాకిలి దాటితే ఇంకో వాకిలి, ఒక గోడ దాటితే ఇంకో గోడ. ఎండ నెత్తిమీదికొచ్చింది. పిల్లలు సీసాలెత్తి గటగటా తాగేస్తున్నారు, కొందరు మొహాల మీద చల్లుకుంటున్నారు. ఏడో తరగతి పిల్ల ఒకతి మాత్రం సీసా మూతలోకి నీళ్లు వంచుకుని, ఆ మూతెడే తాగి, అడుగున మిగిలిన చుక్కలను మళ్లీ సీసాలోకే ఒంపుకుంది. పక్కపిల్లలు నవ్వితే పట్టించుకోలేదు.

పైన బండలో తొలిచిన దొనె దగ్గర అయ్యవారు ఆగాడు. అడుగున పచ్చగా పాచి పట్టిన కాసిని నీళ్లు. "ఈ కోటలో నూటెనిమిది బావులని చెప్పుకుంటారు. చాలావరకు వాననీళ్లు పట్టేవే. ఇంత ఎత్తున ఊట ఎక్కణ్నించి వస్తాది? వాన పడితేనే కోటకు బలం."

కొండకొమ్మున మురారిరావు గద్దె ఉంది. దాని నీడలో పిల్లల్ని కూచోబెట్టి అసలు కథ ఎత్తుకున్నాడు.

మురారిరావు ఘోర్పడే మరాఠా సర్దారు. 1751లో ఆర్కాటు ముట్టడిలో చిక్కుకున్న కుంఫిణీ సేనాని క్లైవుకు సాయంగా కదిలిన రౌతుల దళం ఆయనదే. గుత్తి ఆయన రాజధాని. 1775-76లో హైదరాలీ దీన్ని చుట్టుముట్టాడు. కింద ఊరు పడిపోయింది, పైకోట పడలేదు. ఫిరంగులకు లొంగని కోటలో నీళ్లు అడుగంటాయి. మురారిరావు సంధికి దిగాడు. డబ్బిస్తానన్నాడు, ఇచ్చేదాకా పూచీగా ఒక యువకుణ్ని హైదరు దగ్గరికి పంపాడు. హైదరు ఒప్పుకుని ముట్టడి ఎత్తేయడానికి సిద్ధమయ్యాడు.

"కోట దక్కినట్టే కదా?" అన్నాడు అయ్యవారు. పిల్లలు తలలూపారు.

"దక్కలేదు. భోజనాల దగ్గర హైదరు మనుషులు ఆ పిల్లోణ్ని ఎగతాళి చేసినారు, మీవాళ్లు పిరికోళ్లని. వానికి రోషమొచ్చింది. 'మేం పిరికితనంతో లొంగలేదు. కోటలో మూడు దినాల నీళ్లు కూడా లేవు కాబట్టి దిగొచ్చినాం' అనేసినాడు. ఆ మాట హైదరు చెవిన పడింది. సంధి గాలికి పోయింది. మళ్లీ ముట్టడి వేసి కూచున్నాడు. ఇంక కత్తి దూసే పనే లేకపోయింది. గొంతులెండి మురారిరావు కోట అప్పగించి కిందికి దిగొచ్చినాడు. కబ్బాళదుర్గం చెరసాలలో ప్రాణం ఇడిచినాడు."

పిల్లలంతా కిక్కురుమనకుండా విన్నారు. అయ్యవారు లేచి నిలబడి అడిగాడు: "ఇప్పుడు చెప్పండి. కోటను పోగొట్టిందెవరు?"

"హైదరాలీ సార్!" అన్నాడొకడు. "నోరు జారినోడు సార్!" అన్నారు ఎక్కువమంది. "వాన సార్" అన్నాడు వెనక నుంచి ఒక పొట్టివాడు. అయ్యవారు వాడి భుజం తట్టాడు. "ఇంటి గుట్టు లంకకు చేటంటారే, అది ఇక్కడ నిజమైంది. మూడు దినాల నీళ్లతో ఏ వీరుడైనా ఏం చేయగలడు?"

మూతతో నీళ్లు తాగిన పిల్ల చెయ్యెత్తింది.

"సార్, మూడు దినాల నీళ్లుండంగనే కోట ఇచ్చేసినారా?"

"అవునమ్మా."

ఆ పిల్ల కాసేపు ఆలోచించింది. కింద మైదానం వైపు, తన ఊరున్న దిక్కుకు చూసింది.

"మా ఊర్లో కొళాయి ఎండాకాలం ఎనిమిది దినాలకొకసారి ఇడుస్తారు సార్. హంద్రీ-నీవా కాలవ మా చేని పక్కనే పోతాది. మాయమ్మ తెల్లారుజామున మూడింటికే లేసి బిందెలు వరసలో పెడతాది. మేం ఇంతవరకూ ఎవురికీ లొంగలేదే?"

ఇన్నేళ్లు పాఠం చెప్పిన అయ్యవారికి జవాబు లేకపోయింది. నాకూ లేదు.

గుత్తిని హైదరు ముట్టడించింది నెలల లెక్కన. ఈ ఊళ్లను దప్పిక ముట్టడించింది తరాల లెక్కన. శ్రీశైలం నీళ్లు ఆ హంద్రీ-నీవా కాలవెక్కి పందికోన రిజర్వాయరు దాకా వచ్చాయి. ఆ పిల్ల వాళ్లమ్మ బిందె దాకా రాలేదు. మన దగ్గర వీరుల కోసం కోటలెక్కి చూడనక్కర్లేదు, కుళాయి దగ్గర వరసలో ఉన్నారు. ఏలేవాళ్లకు నా మనవి ఒక్కటే: వాళ్లకు విగ్రహాలొద్దు, రోజూ నీళ్లివ్వండి.