ఐదున్నర నిమిషాల దగ్గర ఆగిపోయే కాళ్ళు

గంజాం జిల్లా స్కూలు పోటీల్లో ఈ ఏడు పదిహేనువందల మీటర్లు గెలిచిన కుర్రాడు వచ్చే ఏడు ఈపాటికి ఎక్కడుంటాడో నన్నడగండి, చెబుతాను. సూరత్‌లో మరమగ్గం ముందు నిలబడి ఉంటాడు. కాదంటే విజయవాడలో ఏదో రెసిడెన్షియల్ కాలేజీలో తెల్లారకముందే లేచి లెక్కలు చేస్తుంటాడు. ఆ రెండూ కాకపోతే గోపాల్‌పూర్ రోడ్డు మీద మిలిటరీ సెలక్షన్ కోసం పరుగెడుతుంటాడు. పోటీ మైదానంలో మాత్రం కనబడడు. గెలిచింది అమ్మాయైతే ఇంటి గడప దాటి రాదు. ఏటా చూస్తున్నదే ఇది. ఏటా కడుపు మండుతూనే ఉంది.

మా రోజుల్లో అంతా బాగుండేదని చెప్పడానికి కూర్చోలేదు. అరవయ్యో దశకంలో మా ఊరు బరంపురంలో పరుగెత్తే పిల్లలకి బూట్లు లేవు, పాలు లేవు. పరుగయ్యాక ఇంటికొచ్చి ఇంత చద్దన్నం, ఆవకాయ ముక్క. ఒరియా స్నేహితుడింట్లో అయితే వాళ్ళ చద్దన్నం పఖాళ, కాల్చిన వంకాయ. స్టార్టింగ్ బ్లాకులన్న మాటే వినలేదు. తాపీతో నేల తవ్వి కాళ్ళకి రెండు గుంతలు చేసుకునేవాళ్ళం. గుంత వెనక గోడ నిటారుగా నిలవాలి, లేకపోతే తుపాకీ పేలగానే మట్టి జారి మొదటి అడుగే తప్పిపోతుంది. ఆ గోడని మా డ్రిల్లు మాస్టారు బొటనవేలితో నొక్కి చూసేవారు. వదులుగా ఉంటే నీళ్ళు చిలకరించి మళ్ళీ తవ్వించేవారు. అంతదాకా ఎంత పెద్దమనిషి వచ్చి కుర్చీలో కూర్చున్నా పోటీ మొదలయ్యేది కాదు.

ఆయన మద్రాసు వైఎంసీఏ వ్యాయామ కళాశాలలో చదువుకొచ్చిన మనిషి. హెచ్.సి. బక్ దొర 1920లో పెట్టిన కాలేజీ అది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా మా గంజాం మద్రాసు రాజధానిలోదే కనక అక్కడ నేర్చుకొచ్చినవాళ్ళు మా తరానికీ దొరికారు. మాస్టారి గొప్ప ఏమిటంటే, మెట్రిక్ అయిపోయినా మమ్మల్ని వదల్లేదు. పరీక్షల ఆఖరి రోజున హాలు బయట నిలబడి, పేపరు ఎలా రాశావని అడగలేదు. "రేపు పొద్దున్న ఎన్నింటికొస్తావురా?" అన్నారు. ఆ ఒక్క ప్రశ్న మీద నా బతుకు నడిచింది.

నాది ఎనిమిదివందల మీటర్లు. బడిలో ఉండగా రెండు నిమిషాల పది సెకన్లు. జిల్లాలో మొదటివాణ్ణే. అక్కడితో ఆపేసి ఉంటే అదే నా శక్తి అనుకుని ముసలాణ్ణయ్యేవాణ్ణి. పరుగు మీదే సౌత్ ఈస్టర్న్ రైల్వేలో ఉద్యోగం వచ్చింది. ఇప్పటి ఈస్ట్ కోస్ట్ జోను 2003లో వచ్చింది, అప్పుడు లేదు. పొద్దున్న సాధన, పగలు డ్యూటీ, చలికాలం వస్తే రైల్వే పోటీలు. ఇరవై నాలుగో ఏట రెండు నిమిషాల లోపుకి వచ్చాను. దేశానికి పరుగెత్తే స్థాయి కాదది, తెలుసు. కానీ పదహారేళ్ళ కుర్రాడిలో నాకే తెలియని మనిషి ఒకడున్నాడని తెలుసుకోవడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. ఆ ఎనిమిదేళ్ళూ నన్ను మైదానంలో నిలబెట్టినవాళ్ళు ఉన్నారు. ఇప్పటి పిల్లలకి లేనిది అదే. బూట్లున్నాయి, చేతికి గడియారాలున్నాయి, ఫోనులో పాఠాలున్నాయి. పదహారు నుంచి ఇరవై నాలుగు దాకా పట్టుకునే మనిషి లేడు.

పరుగు సంగతి తెలియనివాళ్ళు బడి మెడల్‌ని ముగింపు అనుకుంటారు. గుండె, ఊపిరితిత్తులు, మడమ నరాలు, తొడ కండరాలు గట్టిపడడానికి ఏళ్ళు కావాలి. దూరం పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ ఏళ్ళు కావాలి. కెన్యా వీరుడు కిప్చోగే 2022లో బెర్లిన్ మారథాన్‌ని 2 గంటల 1 నిమిషం 9 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు పెట్టేనాటికి ఆయన వయసు 37. మనం పదిహేనేళ్ళకి మెడలేసి, ఫొటో తీసి, పేపర్లో వేయించి, "ఇక చదువుకో నాన్నా" అని ఇంటికి పంపేస్తున్నాం.

ఇప్పుడు గోపాల్‌పూర్ రోడ్డు మాట. తెల్లవారుజామున ఆ రోడ్డెక్కితే గుంపులు గుంపులుగా కుర్రాళ్ళు పరుగెడుతూ కనిపిస్తారు. ఊరికి ఎంత ఆరోగ్యం వచ్చిందో అనిపిస్తుంది చూసేవాళ్ళకి. వాళ్ళంతా గోపాల్‌పూర్ రిక్రూటింగ్ ఆఫీసు కోసం పరుగెడుతున్నారు. సైన్యం పెట్టే పరీక్ష పదహారువందల మీటర్లు. ఐదున్నర నిమిషాల్లో వస్తే అరవై మార్కులు. ఐదు నిమిషాల్లో వచ్చినా అరవయ్యే. నాలుగున్నరలో వచ్చినా అరవయ్యే.

పోయిన చలికాలంలో ఒక పిల్లాణ్ణి చూశాను. పొడుగు కాళ్ళు, భుజాలు కదలవు, పాదం నేల మీద పడిన చప్పుడు కూడా వినపడదు. అలాంటి అడుగు నేర్పితే రాదు, పుట్టుకతో రావాలి. చివరి రెండువందల మీటర్ల దగ్గర ఫోను చూసుకుని వేగం తగ్గించేశాడు. ఆగాక రొప్పడం లేదు, నడుం మీద చేతులు కూడా వేసుకోలేదు. "ఎందుకు తగ్గించావురా నాన్నా?" అన్నాను. "ఐదు పదిహేనుకి వచ్చేస్తన్నాను తాతా, సరిపోద్ది కదా" అన్నాడు. ఆ పిల్లాడి తప్పు కాదు. సరిపోతుందని నేర్పినవాళ్ళం మనం.

సైన్యం మీద నాకు కోపం లేదు. మిల్ఖా సింగ్‌ని తయారుచేసింది సైన్యమే. కొత్తగా చేరిన జవాన్లకి క్రాస్ కంట్రీ పెట్టి, ముందొచ్చినవాళ్ళకి అదనంగా ఒక గ్లాసు పాలిస్తామంటే ఆ పాల కోసం పరుగెత్తాడాయన. ఆ మనిషే 1960 రోము ఒలింపిక్స్‌లో నాలుగువందల మీటర్లలో నాలుగోవాడుగా వచ్చాడు. కానీ ఆ రోజుల్లో సైన్యంలో చేరడమంటే పరుగుకి మొదలు. 2022 జూన్‌లో వచ్చిన అగ్నిపథ్ పథకంలో నౌకరీ నాలుగేళ్ళు, ఆ తర్వాత నూటికి ఇరవై ఐదుమంది దాకా ఉంచుకుంటారు. చేరే వయసు పదిహేడున్నర నుంచి ఇరవై ఒకటి అని అప్పుడు అన్నారు. ఎంపికైనవాడు వెళ్ళిపోతాడు. కానివాడు వయసు దాటిన మర్నాడు నుంచి పరుగు మానేస్తాడు. రోడ్డు మీద పరుగెత్తేటప్పుడు కూడా వాడు పరుగు కోసం పరుగెత్తలేదు కదా, మానేస్తే ఏం పోయిందనుకుంటాడు.

సూరత్ సంగతి ఇంకా బాధ. గంజాం నుంచి లక్షల మంది ఆ ఊరి మరమగ్గాల మీద బతుకుతున్నారు. పూరీ నుంచి అహ్మదాబాద్ పోయే బండి మా స్టేషన్లో ఆగినప్పుడు చూడండి: మీసాలు రాని కుర్రాళ్ళు భుజాన సంచీతో జనరల్ పెట్టెలోకి ఎలా దూరుతున్నారో. పన్నెండేసి గంటల షిఫ్టు, చెవులు దిబ్బెళ్ళేసే చప్పుడు, గాలిలో దారపు దుమ్ము. ఊపిరి మీద బతకాల్సిన పిల్లాడు ఆ గాలి పీలుస్తాడు. బరంపురం పట్టుచీరలు నేసిన వీధుల్లో పుట్టిన పిల్లలు కూడా ఉన్నారందులో. మా ఊరి బుఢీ ఠాకురాణి అమ్మవారి యాత్రకి సెలవు పెట్టి వస్తారు, కొత్త ఫోను, కొత్త చొక్కా, బుగ్గలు లోపలికి పోయి ఉంటాయి. తండ్రుల్ని అనను. నెలకింత అని ఇంటికి పంపే కొడుకుని మైదానానికి పంపమని నేనెలా చెప్పను? చెప్పాల్సింది ప్రభుత్వానికి. జిల్లాలో మొదట వచ్చిన పిల్లాడికి, వాడు సాధన మానకుండా ఉన్నన్నాళ్ళూ, సూరత్ నుంచి వచ్చే డబ్బులో సగమైనా నెలనెలా ఇవ్వండి. మెడల్ ఇచ్చే రోజు శాలువా కప్పడానికి పెట్టే ఖర్చు తగ్గించుకోండి.

కోచింగు కాలేజీల గురించి ఎక్కువ రాయను. పిల్లాణ్ణి రెండేళ్ళు గదిలో కూర్చోబెట్టి వాడి మోకాళ్ళు బిగుసుకుపోయాక బయటికి వదిలే చోటు అది. అందరికీ తెలిసిందే.

ఇదే బరంపురంలో బరువులెత్తే పిల్లలు ఎందుకు మిగులుతున్నారు? ఇది చాలా ఏళ్ళుగా ఆలోచిస్తున్నాను. మన ఊరి కటులు రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారు పతకం తెచ్చాడు, 2014లో గ్లాస్గోలో 77 కిలోల విభాగంలో వెండి. అతను గాలిలోంచి ఊడిపడలేదు. మన ఊళ్ళో వ్యాయామశాలలున్నాయి. అక్కడ ఒక గురువుంటాడు, పదేళ్ళ పిల్లాడి పక్కనే పాతికేళ్ళవాడు సాధన చేస్తుంటాడు. బడి అయిపోయినా వ్యాయామశాల అయిపోదు. పరుగుకి అలాంటి ఇల్లు లేదు. బడి గేటు దాటితే పరుగెత్తేవాడు అనాథ. మైదానానికి వెళ్తే "నువ్వు మా బడివాడివి కాదుగా, బయటికెళ్ళు" అని తాళం వేసే కాపలావాడు ఎదురవుతాడు.

భువనేశ్వర్‌లో కళింగ స్టేడియం కట్టారు, 2017లో ఆసియా అథ్లెటిక్స్ పోటీలు జరిపారు, కాదనను. చూసి గర్వపడ్డాను. కానీ మా జిల్లా పిల్లాడు ఆ స్టేడియం దాకా చేరేలోపు మధ్యలో ఉన్న ఏళ్ళ సంగతి ఎవరిది?

ఒరిస్సా ఆడపిల్లలు పెట్టిన జాతీయ రికార్డులు చూడండి. రచితా మిస్త్రీ 2000లో వంద మీటర్లు 11.38 సెకన్లలో పరుగెత్తితే, ఆ రికార్డు ద్యుతీ చంద్ వచ్చి 2016లో పగలగొట్టేదాకా నిలిచింది. అనురాధా బిశ్వాల్ 2002లో వంద మీటర్ల హర్డిల్స్‌లో పెట్టిన 13.38 అయితే ఇరవై ఏళ్ళు నిలిచింది. ఆ ఇద్దరికీ నేను చేతులెత్తి దణ్ణం పెడతాను. కానీ రికార్డు ఇరవై ఏళ్ళు నిలవడం పెట్టినవాళ్ళ గొప్ప ఒక్కటే కాదు. దాన్ని దాటగలిగిన ఆడపిల్లలు ఎంతమంది పదో తరగతి దగ్గరే ఆగిపోయారో కూడా అందులో ఉంది.

ఆ 13.38ని 2022 మేలో సైప్రస్‌లో 13.23తో చెరిపేసింది మన విశాఖపట్నం పిల్ల, యర్రాజి జ్యోతి. తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఆసుపత్రిలో పాచిపని. బడిలో వ్యాయామం మాస్టారు గుర్తించారు. తర్వాత హైదరాబాద్‌లో కోచ్ ఎన్. రమేశ్ గారు పట్టుకున్నారు. ఆ తర్వాత భువనేశ్వర్‌లో కోచ్ జేమ్స్ హిల్లియర్ పట్టుకున్నాడు. 2020 జనవరిలో మూడబిద్రిలో యూనివర్సిటీల పోటీల్లో 13.03 పరుగెత్తితే, డోపు పరీక్ష జరగలేదని రికార్డుగా లెక్కలోకి తీసుకోలేదు. ఇంకో పిల్ల అయితే అక్కడే మానేసి ఉద్యోగం చూసుకునేది. ఈమె మానలేదు, ఆమెని మాననివ్వలేదు. 2022 అక్టోబరులో 12.82, ఆ మరుసటి ఏడు బ్యాంకాక్‌లో ఆసియా బంగారు పతకం, 2024లో పారిస్ ఒలింపిక్స్. విశాఖకీ భువనేశ్వర్‌కీ మధ్యలో ఉన్నది మా బరంపురమే. రెండు చివర్లా జరిగిన పని మధ్యలో ఎందుకు జరగదో నాకు అర్థం కాదు.

బుధియా సింగ్‌ని తలుచుకోకుండా ఒరిస్సాలో పరుగు గురించి రాయలేం. నాలుగేళ్ళ పసివాణ్ణి 2006 మే 2న పూరీ నుంచి భువనేశ్వర్ వైపు 65 కిలోమీటర్లు పరుగెత్తించారు. దేశమంతా చప్పట్లు కొట్టింది. అంత లేత ఎముకల మీద అంత ఎండలో అంత దూరం పెట్టడం ఘోరం, ఆపినవాళ్ళు మంచి పనే చేశారు. తర్వాత వాణ్ణి స్పోర్ట్స్ హాస్టల్లో చేర్చారు. నాలుగేళ్ళప్పుడు వెంటపడిన కెమెరాలు పద్దెనిమిదేళ్ళప్పుడు లేవు. అసలు పరుగు మొదలెట్టాల్సిన వయసు వచ్చేసరికి ఎవరికీ గుర్తు లేదు.

ఇప్పుడు మా వీధి చివర ఒక పిల్ల ఉంది. పేరు రాయను. పదో తరగతి. నాలుగువందల మీటర్లు పరుగెడుతుంది, చివరి వంద మీటర్లలో మిగతావాళ్ళు చేతులు ఊపుతూ పోరాడుతుంటే ఈ పిల్ల దవడ కూడా బిగించదు. వాళ్ళ నాన్న అప్పడాల వ్యాపారం. మొన్న దుకాణానికి వెళ్ళి అడిగాను.

"ఏటి బాబాయ్, పరుగు కూడెడతాదా? గుంట ఎదిగింది. నిక్కరేసుకుని గ్రౌండులో తిరిగితే రేపు సంబంధం ఎవులిస్తారు?" అన్నాడు.

"పరుగు నాకు ముప్ఫై ఏళ్ళకి పైగా కూడెట్టింది, ఇప్పుడు పింఛను కూడా పెడతోంది. రైల్వేలో ఆడపిల్లలకీ ఉద్యోగాలున్నాయి, పోలీసుల్లో ఉన్నాయి. నిక్కరు సంగతి వదిలెయ్, ట్రాక్ ప్యాంటు వేసుకునే సాధన చెయ్యనీ. రెండేళ్ళు పంపు. రోజూ నేనే తీసుకెళ్ళి నేనే దింపుతాను. ప్లస్ టూ చదువుకి అడ్డం రాదు" అన్నాను.

"నువ్వు పెద్దోడివి, కాదనలేను గానీ..." అని అప్పడాల కట్ట సర్దుకుంటూ ఉండిపోయాడు. లోపల్నుంచి వాళ్ళావిడ మాత్రం తలుపు దగ్గరకొచ్చి, "పొద్దున్న ఎన్నింటికి పంపాలి బాబాయ్?" అని అడిగింది. ఐదింటికన్నాను. మెట్రిక్ పరీక్షలు అవగానే మర్నాడు నుంచే అని కూడా చెప్పాను, ఫలితాల దాకా ఆగొద్దని.