3200 డీపీఐ సంసారం

మే నెల విజయవాడలో మిట్టమధ్యాహ్నం ఫ్యాను ఆపేసి, కిటికీలు బిగించి, ఎవరూ అటూ ఇటూ తిరగడానికి వీల్లేదని శాసించే మగాడికి సొంతింట్లో ఎంత మర్యాద దక్కుతుందో నాకు అనుభవమే. "మన కుటుంబ చరిత్రను కాపాడుతున్నానే" అన్నాను. "చరిత్రకు చెమట పట్టదేమో గానీ మాకు పడుతుందండీ" అంది మా ఆవిడ.

తప్పు నాది కాదు, దుమ్ముది. నాన్న తీసిన బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌లు బిస్కట్ల డబ్బా నిండా ఉన్నాయి. అన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కిస్తానని స్కానర్ కొన్నాను. దుమ్మును అదే చెరిపేసుకుంటుందని అట్టపెట్టె మీద ఉంటే, దాని ధరకు ఆ ముక్కే చూపించి ఇంట్లో ఒప్పించాను. తీరా చూస్తే ఆ విద్య పరారుణ కిరణాలది. కలర్ ఫిల్ములోని రంగుల గుండా ఆ కిరణం దర్జాగా పోతుంది, దుమ్ము దగ్గర ఆగుతుంది. ఎక్కడ ఆగితే అక్కడ దుమ్మున్నట్టు లెక్క. మరి మామూలు బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములో బొమ్మ ఏర్పడేదే వెండితో. వెండి ఆ కిరణాన్ని పోనివ్వదు. అంచేత యంత్రం కంటికి మా తాతయ్య తెల్ల పంచె దుమ్మే, ఆయన బట్టతలా దుమ్మే. మీట నొక్కి చూశాను. తాతయ్య కరిగి ముద్దయ్యాడు.

"అయితే అందులో వెండి ఉందా?" అంటూ మా ఆవిడ మొదటిసారి ఆ డబ్బా వంక గౌరవంగా చూసింది. తూకానికి ఏమీ రాదని చెప్పాక ఆ గౌరవం పోయింది.

ఇక చేత్తో చెరుపుకోవాల్సిందే. నెగెటివ్ మీద నలక పడితే పాజిటివ్‌లో అది తెల్ల చుక్కై తేలుతుంది. పక్కనున్న చర్మాన్ని తెచ్చి ఆ చుక్క మీద అతికించాలి. కూర్చుని కూర్చుని చెయ్యి తిరిగింది. తిరిగిన చెయ్యి అమ్మమ్మ ముక్కుపుడకను కూడా నలకే అనుకుని చెరిపేసింది.

నాన్న కెమెరా అగ్ఫా క్లిక్ త్రీ. 120 రోలుకు పన్నెండు బొమ్మలు. చాలావాటి అంచున 'ఇందు' అని ఉంటుంది. 1960లో పెట్టిన ప్రభుత్వ సంస్థ, ఊటీ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి సరుకు. పన్నెండింట్లో బాగా వచ్చిన నాలుగైదు నాన్న అప్పుడే ప్రింటు వేయించి ఆల్బంలో పెట్టేశారు. ఇప్పుడు నేను కాపాడుతున్న చరిత్రంతా ఆయన డబ్బు దండగని వదిలేసిన సరుకే: కళ్లు మూసుకున్న మేనత్తలు, తల తెగిన బాబాయిలు, చేటంత వెడల్పున ఎవరిదో వీపు.

"1200 డీపీఐ చాలు నాన్నా, ఎలాగూ ఫోన్లోనే చూస్తాం" అని మా అమ్మాయి చెప్పింది. నాకు 3200 కావాలనిపించింది. ఎందుకంటే మీట అక్కడిదాకా జరుగుతుంది కాబట్టి. ఆ లెక్కన చదరపు నెగెటివ్ ఒక్కోటి నిలువూ అడ్డం ఏడేసి వేల పిక్సెళ్లు, 16 బిట్లలో దాదాపు వంద ఎంబీ. ఎవరిదో వీపు, వంద ఎంబీ. దాన్ని వాట్సాప్‌లో పంపితే అది నలిపి నలిపి నూరో వంతు కూడా మిగల్చకుండా అందిస్తుంది. "బావుంది" అని మా అమ్మాయి బొటనవేలు చూపిస్తుంది.

ఫిల్ముకు ఒకవైపు మెరుపు, ఒకవైపు మసక. తిరగేసి పెడితే బొమ్మ అద్దంలోలా వస్తుంది. ఓ రాత్రి అలాగే పెట్టి, మురిసిపోతూ తెచ్చి అమ్మకు చూపించాను. అమ్మ కళ్లజోడు సర్దుకుని, "ఈ గుజరాతీ ఆవిడ ఎవర్రా?" అంది. కుడి భుజం మీద పైటతో ఉన్న ఆ కొత్త పెళ్లికూతురు అమ్మే.

ఇవన్నీ ఒక ఎత్తు, డబ్బా అడుగున దొరికిన బటర్ పేపర్ కవరు ఒక ఎత్తు. అందులో 1981లో సంబంధాల కోసం స్టూడియోలో తీయించిన నా ఫోటో నెగెటివ్ ఉంది. ఆ రోజుల్లో స్టూడియోవాళ్లు నెగెటివ్‌కే టచింగ్ చేసేవారు. వెనక నుంచి వెలుతురు పడేలా దాన్ని అద్దం మీద పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో చుక్కలూ గీతలూ నింపేవారు. మొటిమ ఉన్నచోట నెగెటివ్ పలచగా ఉంటుంది. అక్కడ పెన్సిల్ పూస్తే ప్రింటులో తెల్లబడి చర్మంలో కలిసిపోతుంది. పోస్టుకార్డు సైజు ప్రింటులో అది ఎంత చూసినా కనబడదు. 3200లో ప్రతి గీతా కనబడింది. పెచ్చులూడిన గోడకు మాసికలు వేసినట్టుంది నా మొహం. రెండు బుగ్గలూ, గడ్డం, ముక్కు కింద కొంత మేర ఆ మహానుభావుడి చేతిపనే. సొంతంగా నాదని చెప్పుకోదగ్గవి చెవులు.

సరిగ్గా అప్పుడే మా ఆవిడ మజ్జిగ గ్లాసుతో వచ్చింది.

"మొహం నిండా ఈ గీతలేంటండీ?"

"ఫంగస్. ఫిల్ము మీద జెలటిన్ ఉంటుంది కదా, తేమకు పట్టేస్తుంది" అన్నాను. చెప్పింది శాస్త్రమే.

"మొటిమలున్న చోట వెతుక్కుని మరీ పట్టిందా? మా నాన్న ఈ ఫోటో చూసేగా 'కుర్రాడి చర్మం నిగనిగలాడుతోంది' అన్నది?"

చరిత్ర అన్నాక అందులో కొన్ని వక్రీకరణలుంటాయని నేను గొణుగుతుంటే ఆవిడ కవరు అందుకుంది. మామూలుగా నెగెటివ్ స్టూడియోలోనే ఉండాలి. నా విషయంలో కాపీలు చాలా కావలసి వస్తాయని నాన్న ముందే గ్రహించి కొనేసి ఉంటారు. లెక్క రాయకుండా ఆయన ఏ కాగితాన్నీ వదలరు. ఏ ఊరికి కాపీ పంపితే ఆ ఊరు కవరు మీద రాసి, జవాబు వచ్చాక కొట్టేశారు. బాపట్ల కొట్టేసి ఉంది. ఏలూరు కొట్టేసి ఉంది. గుడివాడ రెండుసార్లు ఉంది, రెండుసార్లూ కొట్టేసి ఉంది. మా ఆవిడ వేలు ఊరూరా తిరుగుతూ కిందికి దిగి, కవరు తిరగేసి, మడత దగ్గర ఇరుకులో రాసి ఉన్న తెనాలి మీద ఆగింది. వాళ్ల ఊరు. దాన్ని కొట్టేయలేదు.

"మావయ్యగారికి చోటు అయిపోవచ్చినట్టుంది" అంది.

మజ్జిగ తాగాను. ఏం అనను?

"నెగెటివ్‌లు తర్వాత చూసుకోవచ్చు గానీ, ముందు ఈ కవరు స్కాన్ చేసి అమ్మాయికి పంపండి" అంది గుమ్మం దగ్గర ఆగి. "3200లోనే చెయ్యండి. కొట్టేసినవి కూడా స్పష్టంగా కనబడాలి."